ఆమ్లం తగ్గించినా ఆగని దెబ్బ

(ఫార్మకాలజీ పీజీ విద్యార్థులకు ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఒక రోజంతా మేత లేకుండా ఉంచిన ఎలుకకి 1 మిల్లీలీటరు అబ్సల్యూట్ ఆల్కహాల్‌ని, అంటే నీళ్లు దాదాపు లేని ఆల్కహాల్‌ని, గొట్టంతో కడుపులోకి పంపి, గంట తర్వాత జఠరాన్ని తెరిస్తే ఏం కనిపిస్తుందో మీలో చాలామందికి తెలుసు. గ్రంథులుండే భాగంలో, మడతల గట్ల మీద, పొడవునా ముదురు ఎరుపు చారలు. కొన్ని నల్లబడిపోయి కూడా ఉంటాయి. మన ఫార్మసీ కాలేజీల్లో మొక్కల సారాల్ని ఈ పద్ధతిలోనే ఎక్కువగా పరీక్షిస్తుంటారు. అందుకే ఇవాళ ఈ ఒక్క ప్రయోగం చుట్టూనే మాట్లాడతాను. ఫలానా పదార్థం కడుపు పొరని ఆల్కహాల్ నుంచి కాపాడింది అంటాం. అసలు దేన్ని కాపాడింది? ఎలా కాపాడింది? ఆ కాపుదల మనిషిదాకా ఎంతవరకు వస్తుంది?

ఈ ప్రయోగానికి పేరు తెచ్చింది ఆండ్రె రాబర్ట్. అమెరికాలోని కాలమజూలో అప్‌జాన్ కంపెనీ ప్రయోగశాలలో పనిచేసేవారు. 1979లో ఆయన బృందం ప్రచురించిన ఫలితాలు చూడండి. ఆల్కహాల్‌కి ముందు ప్రోస్టాగ్లాండిన్ ఇస్తే చారలు రాలేదు. ప్రోస్టాగ్లాండిన్ అంటే మన కణాలే తయారుచేసుకునే, హార్మోన్ లాంటి కొవ్వు పదార్థం. ఆల్కహాల్ ఒక్కటే కాదు, 0.6 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం, 0.2 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్, 25 శాతం ఉప్పునీళ్లు, చివరికి మరిగే నీళ్లు పోసినా పొర నిలిచింది. నోటి ద్వారా ఇస్తే నిమిషంలోనే కాపుదల మొదలైంది. చర్మం కింద సూది వేసినా పనిచేసింది.

ఇందులో అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి మోతాదు. ఆమ్లం ఊరడాన్ని తగ్గించడానికి కావలసినదానికన్నా చాలా తక్కువ మోతాదుకే ఈ ఫలితం వచ్చింది. ఆమ్లం మీద ప్రభావమే లేని ప్రోస్టాగ్లాండిన్లు కూడా కాపాడాయి. అటువైపు, ఆమ్లాన్ని బాగా తగ్గించే సిమెటిడిన్, మెత్‌స్కోపలమిన్, యాంటాసిడ్లు ఈ దెబ్బని ఆపలేకపోయాయి. దీన్ని గట్టిగా గుర్తుపెట్టుకోండి. గాఢమైన ఆల్కహాల్ చేసే మొదటి గాయంలో ఆమ్లం పాత్ర చాలా తక్కువ. గాయమయ్యాక దాన్ని లోతుకి తీసుకుపోవడంలో ఆమ్లం, ప్రోటీన్లని అరిగించే పెప్సిన్ చేరతాయి, అది రెండో దశ. తాగబోయే ముందు ఒక గ్యాస్ మాత్ర వేసుకుంటే కడుపుకి ఏమీ కాదన్న నమ్మకం ఊళ్లలోనూ ఉంది, ఐటీ ఆఫీసుల్లోనూ ఉంది. ఆ నమ్మకం ఈ రెండు దశల్ని కలిపేయడం వల్ల వచ్చింది. పైగా పాంటాప్రజోల్ లాంటి గ్యాస్ మాత్ర పని పూర్తిగా అందుకోవడానికి రోజూ వేసుకున్నా మూడు నుంచి ఐదు రోజులు పడుతుంది. అప్పటికప్పుడు ఒక మాత్ర మింగితే ఆమ్లం కూడా అనుకున్నంత తగ్గదు.

ఇక దెబ్బ ఎలా పడుతుందో చూద్దాం. జఠరం లోపలి గోడ మీద జిగురు పొర ఉంటుంది, మ్యూకస్. దాంట్లోకి కణాలు బైకార్బనేట్‌ని వదులుతుంటాయి. అందువల్ల లోపల ఖాళీలో పీహెచ్ 2 ఉన్నా, కణాల దగ్గర 7కి దగ్గరగా ఉంటుంది. ఆ కింద ఉపరితల కణాల వరుస, వాటి మీద నీటిని అంటనివ్వని ఫాస్ఫోలిపిడ్ పూత. దాని కింద సన్నని రక్తనాళాల వల. ఆమ్లానికి ఇది మంచి ఏర్పాటే. ఆల్కహాల్‌కి కాదు. అది చిన్న అణువు, నీళ్లలోనూ కరుగుతుంది, కొవ్వులోనూ కలుస్తుంది. జిగురు దాన్ని ఆపలేదు, కణత్వచం ఆపలేదు. క్షణాల్లో కిందికి దిగుతుంది.

దిగి ఏం చేస్తుంది? పైకణాల్ని చంపుతుంది, అది అందరికీ కనిపిస్తుంది. కానీ అసలు నష్టం రక్తనాళాల్లో. బోస్టన్‌లో షాండోర్ సాబో బృందం చూపించినట్టు, ఒకటి నుంచి మూడు నిమిషాల్లోనే, కంటికి ఏ చారా కనిపించక ముందే, కేశనాళికల లోపలి గోడ దెబ్బతింటుంది. కణజాలంలో కాపలాగా ఉండే మాస్ట్ కణాలు హిస్టమిన్, ల్యూకోట్రైన్‌లు అనే రసాయనాల్ని వదులుతాయి. చిన్న సిరలు బిగుసుకుంటాయి. రక్తం లోపలికి వస్తుంది గానీ బయటికి పోదు. అలా నిలిచిపోయిన చోట నాళాలు చిట్లి, రక్తం కణజాలంలోకి చిమ్ముతుంది. మనం స్కేలుతో కొలిచే చారలు ఇవే. రక్తం ఆగిన చోట బైకార్బనేట్ రాదు, ప్రాణవాయువు రాదు, లోపలికి దూరిన ఆమ్లాన్ని కడిగి తీసుకుపోయేది ఏదీ ఉండదు. ఆ ప్రాంతం లోతుగా చచ్చిపోతుంది.

ఇప్పుడు ప్రోస్టాగ్లాండిన్ ఇచ్చిన ఎలుక దగ్గరికి వద్దాం. కంటికి పొర శుభ్రంగా ఉంది. కానీ 1982లో లేసీ, ఇటో మైక్రోస్కోపులో చూస్తే, అలా శుభ్రంగా కనిపించిన జఠరంలోనూ ఉపరితల కణాలు చచ్చిపోయే ఉన్నాయి! ప్రోస్టాగ్లాండిన్ ఆ పైవరుసని కాపాడలేదు. దాని కిందనున్న గ్రంథుల్ని, నాళాల్ని కాపాడింది. రక్తప్రవాహం ఆగకుండా చూసింది. ప్రవాహం నిలిస్తే మిగతా పని కడుపే చేసుకుంటుంది. గ్రంథులు తెరుచుకునే చిన్న గుంటల మెడ దగ్గర మిగిలిన కణాలు సాగి, బల్లపరుపుగా పాకుతూ వచ్చి గంట లోపలే నగ్నంగా ఉన్న చోటుని కప్పేస్తాయి. ఇది కొత్త కణాలు పుట్టడం కాదు, ఉన్నవి జరగడం. కణవిభజన చాలా గంటల తర్వాత మొదలవుతుంది. ఈ పాకడానికి కాల్షియం కావాలి, కింద పునాది పొర చెక్కుచెదరకుండా ఉండాలి, పైన ఒక కప్పు కావాలి. చచ్చిన కణాలు, జిగురు, రక్తం గడ్డకట్టేటప్పుడు ఏర్పడే ఫైబ్రిన్ పోగులు కలిసి గాయం మీద మందపాటి మూతలా ఏర్పడి, దాని కింద పీహెచ్ పడిపోకుండా ఉంచుతాయి.

ఈ మూత గురించి ఒక్క నిమిషం ఆగుతాను, ఎందుకంటే ఒకే పదార్థం ముందు ఇస్తే మేలు, తర్వాత ఇస్తే కీడు అన్న సంగతి ఇక్కడ చాలా స్పష్టంగా తెలుస్తుంది. సల్ఫహైడ్రిల్ గుంపు (గంధకం, హైడ్రోజన్ జంట) ఉన్న పదార్థాలు, అంటే సిస్టీన్ లాంటివి, ఆల్కహాల్‌కి ముందు ఇస్తే పొరని కాస్తాయని 1981లో సాబో బృందం చూపించింది. సల్ఫహైడ్రిల్స్‌ని అడ్డుకునే ఎన్-ఇథైల్ మేలిమైడ్ ఇస్తే కాపుదల పోయింది. అదే జాతికి చెందిన ఎన్-ఎసిటైల్ సిస్టీన్‌కి కఫాన్ని కరిగించే గుణం ఉందని మీకు తెలుసు. గాయం అయ్యాక దాన్ని పోస్తే మూత కరిగిపోయి, పొర మళ్లీ అల్లుకోవడం దెబ్బతింటుంది. కాబట్టి మందు పేరు చెప్పి ఊరుకోకూడదు. ఎప్పుడు ఇచ్చారు, ఏ దారిలో, ఎంత గాఢతలో, అన్నీ చెప్పాలి.

సల్ఫహైడ్రిల్స్ అనగానే అందరూ గ్లూటాథయోన్ అంటారు, కణాల్లో సహజంగా ఉండే యాంటీఆక్సిడెంట్. అది కూడా అంత సూటిగా లేదు. 1984లో రాబర్ట్ బృందం డైఇథైల్ మేలియేట్‌తో కడుపు పొరలోని గ్లూటాథయోన్‌ని ఖాళీ చేసి చూస్తే, నష్టం పెరగాల్సింది పోయి తగ్గింది. ఆ రసాయనమే పొరని మెల్లగా రెచ్చగొట్టి ఉండవచ్చన్నది ఒక వివరణ. అందుకే గ్లూటాథయోన్ పెరిగింది, ఎండీఏ (కణాల కొవ్వు ఆక్సీకరణతో చెడినప్పుడు పుట్టే పదార్థం) తగ్గింది, కాబట్టి మా సారం యాంటీఆక్సిడెంట్‌గా కాపాడింది అని రాసేయడం తొందరపాటు. చార తక్కువున్న కడుపులో ఎండీఏ ఎలాగూ తక్కువే ఉంటుంది. అది కారణమా, ఫలితమా అన్నది ఆ ఒక్క కొలతతో తేలదు.

రెచ్చగొట్టడం అన్నాను కదా, దాని సంగతి. 10 నుంచి 20 శాతం ఆల్కహాల్‌ని ముందు పోసి, పావుగంట తర్వాత అబ్సల్యూట్ ఆల్కహాల్ పోస్తే చారలు బాగా తగ్గుతాయి. 1983లో రాబర్ట్ బృందం దీన్ని వివరంగా చూపించింది. మెల్లని చికాకు తగిలినప్పుడు పొర తనంతట తానే ప్రోస్టాగ్లాండిన్లు చేసుకుంటుంది. ముందుగా ఇండోమెథసిన్ అనే నొప్పి మందు ఇచ్చి ఆ తయారీని ఆపేస్తే ఈ కాపుదల చాలావరకు పోతుంది. ఇది విని ఎవరైనా ముందు కొంచెం పలచగా తాగితే మంచిదేగా అనుకుంటే పొరపాటు. ఆ కాపుదల కొద్ది గంటలది, ఆరోగ్యంగా ఉన్న ఎలుక కడుపుది. రోజూ తాగేవాడి పొర అలాంటిది కాదు.

మన తెలుగువాళ్లకి దగ్గరి ఉదాహరణ కారం. మిరపలోని క్యాప్సైసిన్ కడుపు గోడలోని నొప్పి నరాల కొసల్ని తట్టి లేపుతుంది. అవి సీజీఆర్‌పీ అనే పెప్టైడ్‌ని వదులుతాయి, దాంతో నైట్రిక్ ఆక్సైడ్ పుడుతుంది, నాళాలు వెడల్పవుతాయి, పొరకి రక్తం పెరుగుతుంది. ఆస్ట్రియాలోని గ్రాట్స్‌లో పీటర్ హోల్ట్సర్ బృందం 1980ల చివర్లో ఈ దారిని బయటపెట్టింది. అదే క్యాప్సైసిన్‌ని పెద్ద మోతాదులో ఇచ్చి నరాల కొసల్ని మొద్దుబారేట్టు చేస్తే కథ తిరగబడుతుంది. ఆ ఎలుకలకి ఆల్కహాల్ దెబ్బ మామూలుకన్నా ఎక్కువ తగులుతుంది. మనుషుల్లోనూ ఒక ప్రయోగం ఉంది, సింగపూర్‌లో 1995లో వచ్చింది. 18 మంది ఆరోగ్యవంతులు 20 గ్రాముల కారప్పొడిని నీళ్లతో తీసుకుని, అరగంటకి 600 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ వేసుకున్నారు. ఎండోస్కోపీలో చూస్తే కారం లేని రోజుకన్నా కారం తిన్న రోజు గాయాలు తక్కువ. అక్కడ గాయం చేసింది ఆస్పిరిన్, ఆల్కహాల్ కాదు, ఇది మరవకండి. మందుతో పాటు మిర్చి బజ్జీ తింటే కడుపుకి రక్ష అని దీన్నుంచి తేల్చుకోకూడదు. అన్నవాహికలో మంట ఉన్నవాళ్లకి ఆ కారమే బాధ పెంచుతుంది.

పొరని కాచే మందుల్లో సుక్రాల్‌ఫేట్ గురించి కూడా కొంచెం చెప్పాలి. సుక్రోజ్ ఆక్టాసల్ఫేట్‌కి అల్యూమినియం కలిపిన సమ్మేళనం. ఆమ్లంలో, పీహెచ్ 4 కంటే తక్కువ ఉన్నప్పుడు, జిగట ముద్దలా మారి పుండు మీద ఉన్న ప్రోటీన్లకి అంటుకుంటుంది. చాలాకాలం దాన్ని పూతగా మాత్రమే చూశారు. ఎలుకల్లో అది ఆల్కహాల్ గాయాన్ని కూడా తగ్గించింది, అందులో కొంత పొర సొంత ప్రోస్టాగ్లాండిన్ల ద్వారా జరుగుతుంది. మనుషుల్లో వాడకం పుండ్లకి, రోజుకి నాలుగుసార్లు 1 గ్రాము చొప్పున, పరగడుపున, అన్నానికి గంట ముందు. యాంటాసిడ్‌ని దీనికి అటూ ఇటూ అరగంటలోపు వేసుకోకూడదు. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్, థైరాయిడ్ మాత్ర లాంటివి ఇది పట్టేసుకుంటుంది కాబట్టి సిప్రోఫ్లాక్సాసిన్‌ని కనీసం రెండు గంటల ముందు, థైరాయిడ్ మాత్రని కనీసం నాలుగు గంటల తేడాతో వేసుకోవాలి. కిడ్నీలు చెడినవాళ్లలో అల్యూమినియం పేరుకుంటుంది. జపాన్‌లో 1990లో వచ్చిన రెబామిపైడ్ ఇప్పుడు మన దగ్గరా దొరుకుతోంది, 100 మిల్లీగ్రాములు రోజుకి మూడుసార్లు. పొరలో ప్రోస్టాగ్లాండిన్లని, జిగురుని పెంచుతుంది. మిసోప్రొస్టాల్ అసలు ప్రోస్టాగ్లాండిన్ రూపమే, 200 మైక్రోగ్రాములు రోజుకి నాలుగుసార్లు. కానీ అది పెయిన్ కిల్లర్ల వల్ల వచ్చే పుండ్ల నివారణకి. విరేచనాలు పట్టుకుంటాయి, గర్భాశయాన్ని సంకోచింపజేస్తుంది కాబట్టి గర్భిణులు ఈ పనికి వాడనే కూడదు. వీటిలో ఏదీ తాగడానికి ముందు వేసుకునే మాత్రగా ఆమోదం పొందలేదు.

ఇప్పుడు మీ ల్యాబు. ఇక్కడే నేను కొంచెం గట్టిగా మాట్లాడతాను, ఎందుకంటే చంపిన ప్రతి జంతువుకీ ఒక నమ్మదగిన జవాబు రావాలి. నైతిక కమిటీ అనుమతి తీసుకున్నంత మాత్రాన ఆ బాధ్యత తీరిపోదు.

మొదటిది ఉపవాసం. పంజరం అడుగున తీగ జల్లెడ లేకపోతే ఎలుకలు తమ పెంటికల్ని, పరిచిన పొట్టుని తింటాయి. కడుపులో ఆ ముద్ద ఉన్న చోట ఆల్కహాల్ పలచబడుతుంది, గుంపులో ఒక ఎలుకకి చారలు బోలెడు, పక్కదానికి సున్నా. నీళ్లు కూడా ప్రయోగానికి గంట, రెండు గంటల ముందు తీసేయాలి. రెండోది ద్రవం పరిమాణం. మీ సారాన్ని 2 మిల్లీలీటర్లు పోసి అరగంటకే 1 మిల్లీలీటరు ఆల్కహాల్ పోస్తే, ఖాళీ కాని ఆ ద్రవమే ఆల్కహాల్ గాఢతని తగ్గిస్తుంది. అది ఔషధ గుణం కాదు. కంట్రోల్ గుంపుకి, అంటే మందు లేకుండా పోలిక కోసం పెట్టే గుంపుకి, అంతే పరిమాణంలో, అంతే సమయానికి, సారాన్ని కలపడానికి వాడిన అదే సీఎంసీ (కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్) ద్రావణం ఇవ్వాలి. సీఎంసీకే కొంత పూత గుణం ఉంటుంది కాబట్టి ఉత్త నీళ్ల కంట్రోల్ సరిపోదు.

మూడోదాన్ని చాలామంది వదిలేస్తారు. కరక్కాయ, తుమ్మబెరడు, జామాకు వంటి వాటిలో ట్యానిన్లు ఎక్కువ. అవి పైపొర ప్రోటీన్లని గడ్డకట్టించి తొడుగులా చేస్తాయి. శొంఠి, మిరియాల వంటివి పొరని చికాకు పెడతాయి, అప్పుడు ఇందాక చెప్పిన సొంత ప్రోస్టాగ్లాండిన్ దారి తెరుచుకుంటుంది. ఇథనాల్‌తో తీసిన సారంలో ద్రావకం పూర్తిగా ఆవిరి కాకపోతే మిగిలిన ఆల్కహాలే ఆ పని చేస్తుంది. ఈ మూడింటిలో ఏది జరిగినా చారలు తగ్గుతాయి, మీరు కొత్త ఔషధం దొరికిందనుకుంటారు. తేల్చుకునే దారి ఉంది. అదే సారాన్ని జఠరంలోకి కాకుండా, పేగుల చుట్టూ ఉండే పొట్ట కుహరంలోకి సూదితో ఇచ్చి చూడండి. సూదితోనూ కాపాడితే లోపలినుంచి పనిచేస్తోందని ఆశపడొచ్చు. ఇండోమెథసిన్ ముందు ఇచ్చిన గుంపు, ఎన్-ఇథైల్ మేలిమైడ్ ముందు ఇచ్చిన గుంపు, ఎల్-నేమ్‌తో నైట్రిక్ ఆక్సైడ్ ఆపిన గుంపు పెట్టండి. ఏ గుంపులో కాపుదల పోతే ఆ దారి గుండా మీ పదార్థం నడుస్తోందని అర్థం. ఏ గుంపులోనూ పోకపోతే పూతేనేమో అని అనుమానించండి.

కొలవడం ఒక పద్ధతిలో జరగాలి. జఠరాన్ని పెద్ద వంపు వెంట కోసి, సెలైన్‌తో మెల్లగా కడిగి, మైనం పలక మీద సూదులతో పరిచి ఫొటో తీయండి. రుద్ది కడిగితే పైన అంటుకున్న రక్తంతో పాటు మూత కూడా పోతుంది. ఎలుకకి ముందు జఠరం అని గ్రంథులు లేని తెల్లటి భాగం ఉంటుంది, మనిషికి అది లేదు. దాన్ని లెక్కలోకి తీసుకోకండి. ఏది ఏ గుంపుదో తెలియని మనిషి చేత కొలిపించండి. ప్రతి చారా పొడవు మిల్లీమీటర్లలో, లేదా మొత్తం గ్రంథి భాగంలో ఎంత శాతం. తర్వాత ముక్క 10 శాతం ఫార్మలిన్‌లో వేసి కోత చూడాల్సిందే. లేసీ, ఇటో చూసింది గుర్తుందా? కంటికి శుభ్రంగా ఉన్న కడుపులో పైవరుస ఉండకపోవచ్చు. మైక్రోస్కోపు చూడకుండా పొర మొత్తం నిలిచిందని రాయకూడదు.

మనిషి దగ్గరికి వస్తే లెక్కలు మారతాయి. ఎవరూ 100 శాతం తాగరు. మన దేశంలో విస్కీ, బ్రాందీ సీసాల మీద 42.8 శాతం అని ఉంటుంది. 60 మిల్లీలీటర్ల పెగ్గుని 180 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపితే గ్లాసులో ఉన్నది సుమారు 10.7 శాతం. అదే పెగ్గు నీళ్లు లేకుండా ఖాళీ కడుపున దిగితే 42.8 శాతమే పొరకి తగులుతుంది. ఈ గాఢతలో ఎండోస్కోపీలో గంట లోపే ఎర్రని మచ్చలు, పొర కింద రక్తపు చుక్కలు కనిపిస్తాయి. ముక్క తీసి చూస్తే వాపు, రక్తస్రావం ఉంటాయి గానీ, తాపజనక కణాలు (గాయం దగ్గరికి చేరే తెల్ల రక్తకణాలు) పెద్దగా ఉండవు. అందుకే నాళాల సంగతి అంతసేపు చెప్పాను. బీరు, వైన్ లాంటి పులిసిన పానీయాలు ఆమ్లాన్ని బాగా ఊరిస్తాయి. జర్మనీలో జరిగిన పని ప్రకారం అందులో మేలియిక్, సక్సినిక్ ఆమ్లాలది ముఖ్య పాత్ర. విస్కీ, కాన్యాక్ వంటి బట్టీ పట్టిన మద్యాలు ఆమ్లాన్ని అలా పెంచవు. బీరు కదా, ఏం కాదులే అనడం సరి కాదు. దాని దెబ్బ వేరే దారిలో వస్తుంది.

నొప్పి లేదు కాబట్టి గాయం లేదు అనుకోవడం ఇంకో ప్రమాదం. 1822లో అమెరికాలోని మాకినాక్ దీవిలో అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే యువకుడికి తుపాకీ దెబ్బ తగిలి కడుపులోకి రంధ్రం ఉండిపోయింది. విలియం బోమాంట్ అనే సైనిక వైద్యుడు ఆ రంధ్రం గుండా ఏళ్లతరబడి పరిశీలించి 1833లో ప్రచురించాడు. సెయింట్ మార్టిన్ కొన్ని రోజులు మద్యం బాగా తాగినప్పుడు పొర ఎర్రబడి, అక్కడక్కడ పుండ్లు పడినట్టు కనిపించింది. అతను మాత్రం బాధేమీ లేదన్నాడు.

ఇక తాగిన మర్నాటి పొద్దున. తలనొప్పి అని ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వేసుకుంటారు. రాత్రి ఆల్కహాల్ పైవరుసని, నాళాల్ని దెబ్బకొట్టింది. పొర దాన్ని కప్పుకోవడానికి తన ప్రోస్టాగ్లాండిన్లనీ, వాటి వల్ల నిలిచే రక్తప్రవాహాన్నీ వాడుకుంటోంది. సరిగ్గా అప్పుడే ఈ మాత్ర ఆ తయారీని ఆపేస్తుంది. ఆస్పిరిన్ ఇలాగే పనిచేస్తుందని జాన్ వేన్ 1971లో చూపించారు, 1982లో నోబెల్ వచ్చింది. ఇండోమెథసిన్ ఇచ్చిన మీ ఎలుక గుంపు ఎలాంటిదో ఈ మనిషి కడుపూ అలాంటిదే. రోజుకి మూడు, అంతకుమించి పెగ్గులు తాగేవాళ్లని ఈ మాత్రల విషయంలో హెచ్చరిస్తూ లేబుల్ మీద రాయాలని 1998లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ నిబంధన పెట్టింది. పారాసెటమాల్ కడుపుని ఇలా చేయదు గానీ, రోజూ తాగే మనిషి కాలేయానికి అది ప్రమాదమే, డాక్టర్ని అడగకుండా వేసుకోవద్దు. కడుపు పొరని కాచే ఏ పదార్థమూ కాలేయాన్ని గానీ క్లోమాన్ని గానీ కాయదు.

మీలో కొందరు రేపు మెడికల్ షాపుల్లో నిలబడతారు. తాగిన మర్నాడు కడుపులో మంటకి మాత్ర అడిగేవాళ్లు రోజూ వస్తారు. ఇవ్వబోయే ముందు రెండు ప్రశ్నలు అడగండి. వాంతిలో రక్తం గానీ, కాఫీపొడి రంగు గానీ ఉందా? విరేచనం నల్లగా వస్తోందా? గట్టిగా వాంతులయ్యాక వచ్చిన రక్తమైతే అన్నవాహిక చివర చీలిక పడి ఉండొచ్చు. ఐరన్ మాత్రలు, బిస్మత్ ఉన్న కడుపు మందులు వాడేవాళ్లకీ విరేచనం నల్లగానే ఉంటుంది కాబట్టి ఆ సంగతీ అడగండి. నలుపుతో పాటు జిగట, విపరీతమైన దుర్వాసన, లేచి నిలబడితే కళ్లు తిరగడం ఉంటే మాత్ర ఇవ్వకుండా నేరుగా ఎండోస్కోపీ సదుపాయం ఉన్న ఆసుపత్రికి పంపండి.